క్యాన్సర్ ఆపరేషన్‌కు ముందు ఇన్ఫెక్షన్ పరీక్ష: పాఠకుల ప్రశ్నలకు డాక్టరు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో చాలా భాగం ఒకే విషయం గురించినవి. మహమ్మారి కాలంలో క్యాన్సర్ ఆపరేషన్‌కు ముందు చేసిన కోవిడ్ పరీక్ష వల్ల తమ ఇంట్లో ఎదురైన ఇబ్బందుల గురించి కొందరు రాశారు. ఇప్పుడు ఆపరేషన్‌కు సిద్ధమవుతూ, ఇంకా ఆ పరీక్ష అవసరమేనా అని మరికొందరు అడిగారు. ఒకే రకమైన ప్రశ్నలను కలిపి, రాసినవారి పేర్లు, ఊళ్లు తీసివేసి జవాబులు ఇస్తున్నాను. ఇందులో చెప్పే అంకెలు వేలమంది రోగులను చూసి లెక్కగట్టిన సగటులు కాబట్టి, మీ ఇంటి మనిషి విషయంలో తుది మాట వారిని స్వయంగా చూస్తున్న సర్జన్‌ది, మత్తు డాక్టరుది, క్యాన్సర్ వైద్యులది.

ప్రశ్న: 2021లో మా అమ్మకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌కు రెండు రోజుల ముందు ఆర్‌టీ-పీసీఆర్ పరీక్షలో పాజిటివ్ వచ్చింది. జ్వరం లేదు, దగ్గు లేదు. అయినా ఆపరేషన్‌ను ఏడు వారాలు వాయిదా వేశారు. లోపల గడ్డ పెరుగుతుంటే అంతకాలం ఆపడం సరైనదేనా డాక్టరు గారూ? అమ్మ ఇప్పుడు బాగానే ఉన్నా, ఆ ఆలస్యం ఎప్పటికైనా ముప్పు తెస్తుందేమోనన్న దిగులు నన్ను వదలడం లేదు.

జవాబు: ఆ రోజు మీ అమ్మగారి వైద్యుల ముందు రెండు ప్రమాదాలు ఉన్నాయి. వైరస్ ఒంట్లో ఉండగా ఆపరేషన్ చేస్తే వచ్చే ప్రమాదం ఒకటి, ఆగితే క్యాన్సర్‌కు చిక్కే వ్యవధి రెండోది. పాజిటివ్ రిపోర్టు వచ్చినంత మాత్రాన ఆపరేషన్ రద్దయిపోదు. ఆ రెండు ప్రమాదాలను మళ్లీ తూచి, తేదీని తిరిగి లెక్కించుకోవాలని మాత్రమే ఆ రిపోర్టు చెబుతుంది.

మొదటి ప్రమాదం సంగతి ముందు చూద్దాం. పూర్తి మత్తు ఇచ్చినప్పుడు శ్వాసనాళంలోకి గొట్టం వేసి, యంత్రంతో ఊపిరి అందిస్తారు. ఆ సమయంలో ఊపిరితిత్తుల అడుగు భాగాలు కొంత ముడుచుకుంటాయి, కఫాన్ని పైకి నెట్టే యంత్రాంగం మందగిస్తుంది. ఆపరేషన్ తరువాత కుట్ల నొప్పి వల్ల రోగి గట్టిగా దగ్గలేరు, నిండుగా ఊపిరి తీసుకోలేరు. ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తులు ఈ ఇబ్బందిని కొద్ది రోజులలో దాటేస్తాయి గానీ, అప్పటికే వైరస్ చేరి ఉంటే, పైకి ఏ లక్షణమూ కనిపించని మనిషికి కూడా ఆపరేషన్ అయిన కొద్ది రోజులలో న్యుమోనియా ముదిరే అవకాశం ఉంటుంది. దీనికి తోడు క్యాన్సర్, పెద్ద ఆపరేషన్, కోవిడ్ ఈ మూడూ సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పును విడివిడిగా పెంచేవే కాబట్టి, మూడూ ఒకేసారి కలిస్తే వైద్యులు భయపడటంలో ఆశ్చర్యం లేదు.

ఆ భయం ఊహ కాదని 2020 మే నెలలోనే తేలింది. కోవిడ్‌సర్జ్ అనే అంతర్జాతీయ వైద్యుల బృందం 24 దేశాలలో 1,128 మంది రోగుల వివరాలను లాన్సెట్ పత్రికలో ప్రచురించింది. వీరంతా ఆపరేషన్‌కు ముందు వారం రోజులలో గానీ, తరువాతి నెల రోజులలో గానీ కోవిడ్ బయటపడినవారు. వీరిలో 23.8 శాతం మంది నెల తిరిగేలోగా మరణించారు, సగం మందికి పైగా ఊపిరితిత్తుల సమస్యలు వచ్చాయి. వీటిలో అత్యవసర ఆపరేషన్లే ఎక్కువన్న సంగతి గుర్తుంచుకోవాలి గానీ, ముందుగా తేదీ పెట్టుకొని చేసుకున్నవారి పరిస్థితి కూడా భరోసా ఇచ్చేటట్లు లేదు.

ఏడు వారాలన్న లెక్క 2021 మార్చిలో వెలువడిన మరో అధ్యయనం నుంచి వచ్చింది. 116 దేశాలలో 1,40,231 మందిని చూసినప్పుడు, కోవిడ్ సోకనివారిలో ఆపరేషన్ తరువాత నెల రోజులలో మరణాలు 1.5 శాతం ఉండగా, కోవిడ్ తేలిన రెండు వారాలలోపు ఆపరేషన్ అయినవారిలో 4.1 శాతం, మూడు నాలుగు వారాలకు అయినవారిలో 3.9 శాతం, ఐదారు వారాలకు అయినవారిలో 3.6 శాతం ఉన్నాయి. ఏడు వారాలు దాటాక ఆ సంఖ్య తిరిగి 1.5 శాతానికి దిగింది. అయితే ఏడు వారాల తరువాత కూడా ఆయాసం, దగ్గు వంటి లక్షణాలు మిగిలి ఉన్నవారిలో మరణాలు 6 శాతం వరకు కనిపించాయి. అంటే క్యాలెండర్ చూసి మాత్రమే కాక మనిషిని కూడా చూసి నిర్ణయించవలసిన విషయమిది.

ఇక రెండో ప్రమాదం. క్యాన్సర్ ఆపరేషన్ నాలుగు వారాలు ఆలస్యమైన కొద్దీ మరణించే అవకాశం సగటున 6 నుంచి 8 శాతం పెరుగుతుందని 2020 నవంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన ఒక విస్తృత పరిశీలన లెక్కగట్టింది. ఈ అంకెను చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటున్నారు. వంద మందిలో ఆరేడుగురు అదనంగా మరణిస్తారని దీని భావం కాదు; ఒక రకం క్యాన్సర్ వల్ల వందలో పది మంది మరణించే అవకాశం ఉంటే, నాలుగు వారాల జాప్యంతో ఆ పది పదకొండుకు కాస్త లోపు అవుతుందని భావం. చిన్న పెరుగుదలే అయినా, దాన్ని తీసిపారేయడానికి వీలులేదు.

మీ అమ్మగారి వైద్యులు ఏడు వారాలు ఆగడం ఆనాటి సమాచారాన్ని బట్టి సరైన నిర్ణయమే. అప్పటికి టీకాలు అందరికీ అందలేదు. పైగా రొమ్ము క్యాన్సర్లలో హార్మోన్ రిసెప్టర్లు (హార్మోన్ వచ్చి అతుక్కునే గ్రాహకాలు) ఉన్న రకాలకు ఆపరేషన్ ఆగిన కాలంలో లెట్రోజోల్, టామాక్సిఫెన్ వంటి మాత్రలతో గడ్డను అదుపులో ఉంచే వీలుంది. ఆమె పాత కాగితాలలో ఈ మాత్రల పేర్లు గానీ, ఆ మధ్యకాలంలో చేసిన స్కాన్ గానీ కనిపిస్తే, ఆ ఏడు వారాలూ చికిత్సలో భాగంగానే గడిచాయని అర్థం చేసుకోండి. నా అభిప్రాయంలో ఆ కాలంలో జరిగిన అసలు తప్పు వాయిదాలు వేయడం కాదు, వాయిదా వేసి రోగిని మరచిపోవడం. మీ అమ్మగారికి అలా జరగలేదు. ఇప్పుడు ఆమెకు క్రమం తప్పకుండా చేయించవలసిన తనిఖీలు చేయించండి. ఆనాటి ఆలస్యం కారణంగా వాటికి అదనంగా వేరే పరీక్షలేమీ అక్కరలేదు.

ప్రశ్న: అందరికీ ఏడు వారాలేనా? మా బాబాయికి రెండు వారాలకే ఆపరేషన్ చేశారు, మా పక్కింటివారిని మూడు నెలలు ఆపారు.

జవాబు: అందరికీ ఒకే లెక్క ఎప్పుడూ లేదు. 2020 డిసెంబరులో అమెరికా మత్తు వైద్యుల సంఘాలు ఇచ్చిన సూచనలోనే, లక్షణాలు లేనివారికి, తేలికగా తగ్గినవారికి నాలుగు వారాలు, దగ్గు, ఆయాసం వచ్చి ఇంట్లోనే కోలుకున్నవారికి ఆరు వారాలు, మధుమేహం ఉన్నవారికి, రోగనిరోధక శక్తి తగ్గినవారికి, ఆసుపత్రిలో చేరవలసి వచ్చినవారికి ఎనిమిది నుంచి పది వారాలు, ఐసీయూలో ఉండి వచ్చినవారికి పన్నెండు వారాలు అని వేర్వేరుగా చెప్పారు. తరువాత టీకాలు వచ్చి, వైరస్ రకాలు మారి, జబ్బు తీవ్రత తగ్గాక ఈ గడువులూ తగ్గుతూ వచ్చాయి.

రెండో వైపు క్యాన్సర్ వేగాన్నీ చూస్తారు. నెమ్మదిగా పెరిగే చిన్న థైరాయిడ్ గడ్డలు, తక్కువ ప్రమాదం ఉన్న ప్రొస్టేట్ క్యాన్సర్ కొన్ని నెలలు ఆగగలవు. పురీషనాళపు క్యాన్సర్‌కు ఐదు రోజుల రేడియేషన్ ఇచ్చి ఆపరేషన్‌కు కొంత వ్యవధి సంపాదించవచ్చు. పేగు మూసుకుపోయినా, కణితి నుంచి రక్తం కారుతున్నా, గొంతులోని గడ్డ ఊపిరికి అడ్డం పడుతున్నా, మెదడులో ఒత్తిడి పెరుగుతున్నా మాత్రం పాజిటివ్ అయినా సరే, తగిన రక్షణ దుస్తులతో, వేరుగా కేటాయించిన థియేటర్లో ఆపరేషన్ చేయవలసిందే. అటువంటప్పుడు పరీక్ష కోసం నమూనా తీసుకుంటారు గానీ, ఫలితం వచ్చేదాకా ఆగరు. మీ బాబాయిగారి కేసు ఈ కోవలోది అయి ఉండవచ్చు.

ప్రశ్న: నాన్నకు అన్నవాహిక క్యాన్సర్. ఆపరేషన్‌కు మూడు రోజుల ముందు చేసిన పరీక్షలో నెగెటివ్ వచ్చింది. ఆపరేషన్ అయిన నాలుగో రోజున జ్వరం, మళ్లీ పరీక్ష చేస్తే పాజిటివ్. మొదటి రిపోర్టు తప్పా, లేక ఆసుపత్రిలోనే అంటుకుందా?

జవాబు: రెండింటికీ అవకాశం ఉంది, వీటితో పాటు మీరు రాయని మూడో అవకాశం కూడా ఉంది.

వైరస్ ఒంట్లోకి చేరిన మొదటి రోజులలో ముక్కు నుంచి తీసిన నమూనాలో అది దొరకదు. 2020లో జరిగిన ఒక విశ్లేషణ ప్రకారం, వైరస్ సోకిన నాలుగో రోజున పరీక్ష చేస్తే మూడింట రెండు వంతుల మందిలో తప్పుడు నెగెటివ్ వచ్చే అవకాశం ఉంది. లక్షణాలు మొదలయ్యే రోజుకు అది 38 శాతానికి, ఎనిమిదో రోజుకు 20 శాతానికి తగ్గుతుంది. ఎంత మంచి రోజున చేసినా ఐదుగురిలో ఒకరిని పరీక్ష పట్టుకోలేకపోవచ్చన్నమాట. నమూనా తీసే చేతిని బట్టి కూడా తేడా ఉంటుంది. స్వాబ్ ముక్కు వెనుక భాగం దాకా చేరకుండా ముందే తిప్పి తీసేస్తే, లాబొరేటరీ ఎంత జాగ్రత్తగా పనిచేసినా ఫలితం సరిగా రాదు.

మీరు రాయని మూడో అవకాశం ఏమిటంటే, పరీక్షకూ ఆపరేషన్‌కూ మధ్య ఉన్న మూడు రోజులు. నెగెటివ్ రిపోర్టు నమూనా తీసిన రోజు ఫొటో వంటిది, మరునాటి సంగతి దానికి తెలియదు. ఆపరేషన్ అనగానే బంధువులు చూడటానికి వస్తారు, ధైర్యం చెబుతారు, పక్కనే కూర్చొని గంటలకొద్దీ మాట్లాడతారు. పరీక్షను ఆపరేషన్‌కు 72 గంటల లోపు చేయాలన్న నియమం వెనుక, ఆ 72 గంటలూ రోగి ఎవరినీ కలవకుండా ఉంటారన్న నమ్మకం ఉంది. ఆ నమ్మకం నిలబడకపోతే పరీక్షకు ఉన్న విలువ సగం పోతుంది. మహమ్మారి రోజులలో రోగులకు పరీక్ష తేదీ చెప్పారు గానీ, ఆ తేదీ తరువాత ఎలా మసలుకోవాలో చాలాచోట్ల వివరంగా చెప్పలేదు. ఆ తప్పు వైద్యులదే, కుటుంబాలది కాదు.

ఇక ఆసుపత్రిలో అంటుకోవడం గురించి. నేను పైన చెప్పిన 1,128 మందిలో నూటికి డెబ్బై మందికి పైగా ఆపరేషన్ తరువాతే కోవిడ్ ఉన్నట్లు తేలింది. వారిలో కొందరు వైరస్‌తోనే చేరి ఉండవచ్చు, కొందరికి వార్డులో సోకి ఉండవచ్చు. విడదీసి చెప్పడం కష్టం. ఆసుపత్రి ఏర్పాటు వల్ల ఎంత తేడా వస్తుందో మాత్రం మరో అధ్యయనంలో తెలిసింది. 55 దేశాలలో 9,171 మంది క్యాన్సర్ రోగులను చూసినప్పుడు, థియేటర్, ఐసీయూ, వార్డు మూడూ కోవిడ్ రోగులతో కలవకుండా వేరుగా ఉన్నచోట ఊపిరితిత్తుల సమస్యలు 2.2 శాతం మందికి వస్తే, అటువంటి ఏర్పాటు లేనిచోట 4.9 శాతం మందికి వచ్చాయి. ఇందులో వార్డుకు కూడా థియేటర్‌తో సమానమైన ప్రాధాన్యం ఉంది. థియేటర్ ఎంత శుభ్రంగా ఉన్నా, అక్కడినుంచి రోగిని అందరూ కలిసి ఉన్న హాలులోకి తెస్తే ప్రయోజనం లేదు.

అన్నవాహిక ఆపరేషన్‌లో చాలాసార్లు ఛాతీ కూడా తెరవవలసి వస్తుంది కాబట్టి, ఇన్ఫెక్షన్ వస్తే ఎక్కువగా నలిగిపోయేది ఊపిరితిత్తులే. ఆపరేషన్ తరువాత జ్వరం వస్తే కుట్ల దగ్గర చీము, అతికించిన చోట లీకు, న్యుమోనియా, కాలి సిరల్లో రక్తపు గడ్డ వంటివన్నీ వెతకాలి. కోవిడ్ పాజిటివ్ రాగానే మిగిలినవి వెతకడం మానేస్తే మరో ప్రమాదాన్ని వదిలేసినట్లే. నాన్నగారికి ఆ పరీక్షలు కూడా చేశారో లేదో డిశ్చార్జి కాగితాలలో చూడండి.

ప్రశ్న: మా వారికి పెద్దపేగు క్యాన్సర్. కీమోథెరపీ నడుస్తుండగా కోవిడ్ వచ్చి తగ్గింది. ఐదు వారాలు దాటినా పరీక్ష చేసిన ప్రతిసారీ పాజిటివ్ అనే వస్తోంది. నెగెటివ్ రిపోర్టు తెస్తేనే ఆపరేషన్ అంటున్నారు. ఎన్నిసార్లని చేయించాలి?

జవాబు: ఇక పీసీఆర్ చేయించడం ఆపి, ఈ ప్రశ్నను అంటువ్యాధుల నిపుణుల ముందు పెట్టమని మీ సర్జన్‌ను అడగండి. పీసీఆర్ పరీక్ష వైరస్ జన్యుపదార్థంలో చిన్న ముక్క దొరికినా పాజిటివ్ అనే చెబుతుంది. బతికిన వైరస్ పోయాక కూడా ఆ ముక్కలు వారాల తరబడి ముక్కులో మిగిలి ఉంటాయి. సాధారణంగా తేలికపాటి జబ్బు వచ్చినవారు లక్షణాలు మొదలైన పది రోజుల తరువాత ఇతరులకు అంటించడం అరుదు. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారిలో ఈ గడువును ఇరవై రోజులకు, అవసరమైతే ఇంకా ముందుకు జరుపుతారు.

క్యాన్సర్ రోగుల విషయంలో ఇక్కడ కొంత నిదానం అవసరం. పెద్దపేగు క్యాన్సర్‌కు ఇచ్చే సాధారణ కీమోథెరపీ తీసుకున్నవారు చాలామంది ఇతరులలాగే వైరస్‌ను వదిలించుకుంటారు. లింఫోమా వంటి రక్త క్యాన్సర్లు ఉన్నవారిలో, ముఖ్యంగా యాంటీబాడీలకు మూలమైన బి-కణాలను తగ్గించే రిటుక్సిమాబ్ వంటి మందులు తీసుకున్నవారిలో, బతికిన వైరస్ నెలల తరబడి ఉన్న సందర్భాలు నమోదయ్యాయి. కాబట్టి ఐదు వారాల పాజిటివ్ ఒకరిలో మిగిలిపోయిన ముక్కలు కావచ్చు, మరొకరిలో తగ్గని జబ్బే కావచ్చు. ఈ రెండింటినీ వేరుచేయడానికి రోగి లక్షణాలు, ఆక్సిజన్ స్థాయి, పీసీఆర్ యంత్రం వైరస్ పదార్థాన్ని ఎన్నిసార్లు (ఎన్ని చక్రాలు) రెట్టింపు చేశాక దాన్ని గుర్తించిందో తెలిపే సంఖ్య, ర్యాపిడ్ యాంటిజెన్ పరీక్ష ఫలితం, తెల్ల రక్తకణాల లెక్క అన్నీ కలిపి చూస్తారు. చక్రాల సంఖ్య ఎక్కువగా ఉంటే నమూనాలో వైరస్ పదార్థం తక్కువ ఉన్నట్లు. ఆ సంఖ్య లాబొరేటరీని బట్టి, నమూనా తీసిన తీరును బట్టి మారుతుంది కనుక ఒక్కదాని మీద ఆధారపడకూడదు.

మీ వారికి లక్షణాలు పూర్తిగా తగ్గి, యాంటిజెన్ నెగెటివ్‌గా ఉండి, మత్తు డాక్టరు ఊపిరితిత్తులు బాగున్నాయని చెబితే, పీసీఆర్ నెగెటివ్ కోసం మరో నెల ఎదురుచూడటంలో అర్థం లేదు. కాగితం మీద నెగెటివ్ చూసుకోవాలన్న పట్టుదలతో క్యాన్సర్‌కు సమయం ఇవ్వకూడదు. ఈలోగా కడుపు ఉబ్బడం, వాంతులు, మలం, గాలి పోకపోవడం వంటివి కనిపిస్తే పేగు మూసుకుపోయి ఉండవచ్చు, రిపోర్టు సంగతి పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

ప్రశ్న: స్వాబ్ పరీక్ష ఇంత నమ్మకం లేనిది అయినప్పుడు, అందరికీ ఛాతీ సీటీ స్కాన్ తీసేస్తే సరిపోదా?

జవాబు: 2020 తొలి నెలలలో పరీక్ష కిట్లు దొరకనప్పుడు కొన్నిచోట్ల అలా చేశారు. క్యాన్సర్ రోగులలో అది చిక్కులు తెచ్చింది. సోకిన తొలి రోజులలో స్కాన్ మామూలుగానే ఉండవచ్చు. మరోవైపు, ఛాతీకి రేడియేషన్ తీసుకున్నవారి ఊపిరితిత్తులలో వాపు, ఇమ్యునోథెరపీ మందుల వల్ల వచ్చే వాపు, క్యాన్సర్ లింఫు నాళాల ద్వారా పాకడం ఇవన్నీ స్కాన్‌లో కోవిడ్‌ను పోలిన మసక మచ్చలుగా కనిపించగలవు. ఎలాగూ క్యాన్సర్ దశ తెలుసుకోవడానికి తీసే స్కాన్‌లో అటువంటి మచ్చలు కనిపిస్తే వాటిని వదలకూడదు గానీ, కేవలం కోవిడ్ ఉందా లేదా అని చూడటానికి లక్షణాలు లేని ప్రతి ఒక్కరికీ స్కాన్ తీయవలసిన పని లేదు.

ప్రశ్న: మామయ్యకు స్వరపేటిక తీసేశారు, మెడలో రంధ్రం ద్వారా ఊపిరి తీసుకుంటారు. ఆయనకు ముక్కులో స్వాబ్ పెడితే ఏం తెలుస్తుంది?

జవాబు: మంచి ప్రశ్న అడిగారు. ఆయన ఊపిరి ముక్కు ద్వారా పోదు కాబట్టి, ముక్కుతో పాటు మెడలోని రంధ్రం నుంచి, శ్వాసనాళపు స్రావం నుంచి కూడా నమూనా తీయాలి. ఈ విషయం నమూనా తీసే సిబ్బందికి ముందే చెప్పండి. ప్లేట్‌లెట్లు బాగా తగ్గినవారి విషయంలోనూ, ముక్కులో లేదా దాని వెనుక కణితి ఉన్నవారి విషయంలోనూ రక్తస్రావం భయం ఉంటుంది కనుక గొంతు నుంచి గానీ లాలాజలం నుంచి గానీ నమూనా తీయమని అడగవచ్చు.

ప్రశ్న: ఆపరేషన్ తేదీ పోతుందన్న భయంతో మా నాన్న జ్వరం వస్తే ఎవరికీ చెప్పకుండా పారాసిటమాల్ వేసుకొని ఆసుపత్రికి వెళ్తున్నారు. గేటు దగ్గర జ్వరం చూసే యంత్రం ఏమీ పట్టుకోలేదు. ఆయనకు కీమోథెరపీ అయి పది రోజులైంది. చెప్పాలా, ఊరుకోవాలా?

జవాబు: ఈ పత్రిక మీ చేతికి వచ్చిన రోజు కూడా ఆయనకు జ్వరం ఉంటే, మిగిలినది చదవకుండా ముందు క్యాన్సర్ వైద్యుడికి ఫోను చేయండి.

కోవిడ్ సంగతి అలా ఉంచండి. కీమోథెరపీ తరువాత ఏడు నుంచి పద్నాలుగు రోజుల మధ్య చాలామందిలో న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు బాగా తగ్గుతాయి. అవి మైక్రోలీటరుకు 500 కంటే దిగువకు పడినప్పుడు వచ్చే జ్వరం ఒక అత్యవసర పరిస్థితి. 38.3 డిగ్రీల సెల్సియస్ ఒక్కసారి వచ్చినా, 38 డిగ్రీలు గంటపాటు నిలిచినా రక్తంలోకి బాక్టీరియా చేరి ఉండవచ్చన్న అనుమానంతో గంట లోపలే యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి. ఆ కణాలు లేని ఒంటిలో చీము పట్టదు, ఎరుపు కనిపించదు, ఎక్స్‌రేలో మచ్చ కూడా సరిగా తేలదు. చాలాసార్లు జ్వరం ఒక్కటే గుర్తు. మీ నాన్నగారు పారాసిటమాల్‌తో చెరిపేస్తున్నది ఆ ఒక్క గుర్తునే. వాంతులు తగ్గడానికి కీమోథెరపీతో పాటు ఇచ్చే డెక్సామెథాసోన్ వంటి స్టెరాయిడ్లు కూడా జ్వరాన్ని కప్పేస్తాయి కాబట్టి, జ్వరం లేదంటే ఇన్ఫెక్షన్ లేదన్న భరోసా ఈ రోగులకు లేదు. గేటు దగ్గర నుదుటికి చూపే యంత్రం ఎవరినైనా పట్టుకుంటుందని నేను పెద్దగా నమ్మను.

తేదీ పోతుందన్న ఆయన భయం నాకు అర్థమవుతుంది. కొన్ని నెలలు ఎదురుచూసి సంపాదించుకున్న తేదీ అది. అయితే జ్వరం సంగతి ముందే తెలిస్తే వైద్యులు కారణం వెతికి, కణాల లెక్క చూసి, వారం పది రోజులు జరిపి అదే ఆపరేషన్ చేయగలరు. దాచిపెట్టి బల్ల ఎక్కితే, మత్తులో ఉండగా రక్తపోటు పడిపోయి మధ్యలో ఆపవలసి రావచ్చు, లేదా కుట్లు మానక నెలల తరబడి కష్టపడవలసి రావచ్చు. ఆయనకు కోపంగా కాకుండా, ఈ రెండు దారులనూ పక్కపక్కన పెట్టి చెప్పండి. మీ మాట వినకపోతే ఆయన గౌరవించే వైద్యుడి చేత చెప్పించండి.

ప్రశ్న: ఆపరేషన్ ముందు టీకా వేయించుకోవచ్చా?

జవాబు: వేయించుకోవచ్చు. వీలైతే ఆపరేషన్‌కు రెండు వారాల ముందు వేయించుకుంటే రక్షణ ఏర్పడటానికి సమయం దొరుకుతుంది. అంత సమయం లేకపోతే టీకా కోసం ఆపరేషన్ వాయిదా వేయకండి; టీకా జ్వరమో, ఆపరేషన్ జ్వరమో తెలియక తికమకపడకుండా రెండింటి మధ్య కొద్ది రోజుల ఎడం ఉంటే చాలు. రిటుక్సిమాబ్ తీసుకున్నవారిలో సుమారు ఆరు నెలల వరకు టీకాకు స్పందన బలహీనంగా ఉంటుంది. రొమ్ము క్యాన్సర్ ఉన్నవారు గడ్డ లేని వైపు చేతికి వేయించుకోవాలి, ఎందుకంటే టీకా వేసిన వైపు చంకలో బిళ్లలు వాచి, స్కాన్‌లో క్యాన్సర్ పాకినట్లు భ్రమ కలిగించవచ్చు. ఏ చేతికి, ఏ రోజున వేశారో స్కాన్ తీసేవారికి చెప్పండి.

ప్రశ్న: ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే నెలలో అత్యవసర స్థితి ముగిసిందని ప్రకటించింది కదా. ఇంకా ప్రతి ఆపరేషన్‌కూ ఈ పరీక్ష ఎందుకు? మా ఆసుపత్రిలో అడుగుతున్నారు, మా అక్క వెళ్లిన ఆసుపత్రిలో అడగలేదు.

జవాబు: లక్షణాలు లేని ప్రతి ఒక్కరికీ చేరేముందు కోవిడ్ పరీక్ష చేయడం అవసరం లేదని అమెరికాలో ఆసుపత్రి ఇన్ఫెక్షన్ల నిపుణుల సంఘం 2022 డిసెంబరులోనే చెప్పింది. చాలాచోట్ల ఆసుపత్రులు క్రమంగా ఆ దారిలోకే వచ్చాయి. మీ అక్కగారి ఆసుపత్రి చేసింది నిర్లక్ష్యం కాదు.

పరీక్ష వల్ల ఎవరికి మేలు అన్న ప్రశ్నకు మహమ్మారి కాలపు లెక్కలే ఇప్పటికీ దారి చూపుతాయి. 53 దేశాలలో 8,784 మంది క్యాన్సర్ రోగుల మీద చేసిన పరిశీలనలో, వ్యాధి బాగా వ్యాపించి ఉన్న ప్రాంతంలో పెద్ద ఆపరేషన్‌కు ముందు 18 మందికి స్వాబ్ పరీక్ష చేస్తే ఒకరికి ఊపిరితిత్తుల సమస్య తప్పుతుందని తేలింది. వ్యాప్తి తక్కువగా ఉన్నచోట, చిన్న ఆపరేషన్ల విషయంలో ఒకరికి మేలు జరగాలంటే వందలమందికి పరీక్ష చేయాలి. ఆ వందలమందిలో కొందరికి పాత ముక్కల వల్ల పాజిటివ్ వచ్చి, అనవసరంగా క్యాన్సర్ ఆపరేషన్ ఆగిపోతుంది. అంటే వ్యాప్తి తగ్గినప్పుడు అదే పరీక్ష మేలు కంటే కీడు ఎక్కువ చేయగలదు.

కనుక ఊపిరితిత్తి, అన్నవాహిక, కాలేయం వంటి పెద్ద ఆపరేషన్లకు వెళ్లేవారికి, ఎముక మజ్జ మార్పిడి అయినవారికి, రక్త క్యాన్సర్ రోగులకు, ఇంట్లో ఎవరైనా జబ్బు పడినవారికి పరీక్ష చేయడం నేను సమర్థిస్తాను. దగ్గు, జలుబు, ఒళ్లు నొప్పులు ఉన్నవారికి కోవిడ్‌తో పాటు ఇన్‌ఫ్లుయెంజా పరీక్ష కూడా చేయడం మంచిది, ఎందుకంటే మత్తు తరువాత ఇబ్బంది పడే ఊపిరితిత్తులకు ఏ వైరస్ అయినా ఒకటే. చర్మం మీది చిన్న గడ్డను లోకల్ మత్తుతో తీయించుకునేవారికి, లక్షణాలు లేకపోతే, ఈ పరీక్ష అవసరం లేదు.

ప్రశ్న: వచ్చే బుధవారం నాకు గర్భాశయ క్యాన్సర్ ఆపరేషన్. నిన్న మా అబ్బాయికి కోవిడ్ పాజిటివ్ వచ్చింది. నాకు చేస్తే నెగెటివ్. వెళ్లవచ్చా?

జవాబు: ఈ రోజు నెగెటివ్ మీద ఆధారపడకండి. అబ్బాయికి నిన్న తేలిందంటే, మీకు సోకి ఉంటే అది ఇంకా పరీక్షకు అందని దశలో ఉండవచ్చు. విషయం ఇప్పుడే సర్జన్‌కు చెప్పండి, బుధవారం దాకా దాచకండి. అబ్బాయి వేరే గదిలో ఉండి, భోజనం వేరుగా చేసి, మీ సేవకు మరొకరు రావడం మేలు. ఒకే ఇంట్లో అది కుదరకపోతే మీరే వేరేచోటికి మారండి. కిటికీలు తెరిచి ఉంచి, ఇద్దరూ మాస్కు వేసుకోండి. కలిసి ఉన్న చివరి రోజు నుంచి ఐదారు రోజులకు ఒకసారి, చేరే ముందు మరొకసారి పరీక్ష చేయించుకోండి.

గర్భాశయ క్యాన్సర్ తొలి దశలో ఉండి, రక్తస్రావం అదుపులో ఉంటే సర్జన్ వారం పది రోజులు జరపమనవచ్చు, దానికి అభ్యంతరం చెప్పకండి. రక్తస్రావం ఎక్కువగా ఉంటే, లేదా దశను బట్టి ఆగడానికి వీలులేకపోతే, మిమ్మల్ని వేరు గదిలో ఉంచి అనుకున్న రోజునే చేయవచ్చు. వాయిదా పడితే ఫోను పెట్టేసే ముందు కొత్త తేదీ అడిగి రాసుకోండి, ఈ మధ్యలో ఏ లక్షణం కనిపిస్తే ఎవరికి ఫోను చేయాలో కూడా అడగండి.